ప్లేట్ గ్రూప్ రంజీ మ్యాచ్‌లకు ఫస్ట్‌క్లాస్ హోదా ఉండాలా, తీసేయాలా?

స్కోరర్ మాస్టారు:

తీసేయాలి అన్నది నా మాట. రంజీలో పై స్థాయి జట్లది ఎలైట్, కింది స్థాయి జట్లది ప్లేట్. ఫస్ట్‌క్లాస్ హోదా ఉంటే ప్లేట్ మ్యాచ్‌ల పరుగులు, వికెట్లు కూడా అధికారిక రికార్డుల్లోకి ఎక్కుతాయి. 2018-19లో భారత క్రికెట్ బోర్డు ఒకేసారి తొమ్మిది జట్లను రంజీలోకి తెచ్చింది. అరుణాచల్, మణిపూర్, మేఘాలయ, మిజోరం, నాగాలాండ్, సిక్కిం, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి, వాటితోపాటు చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన బీహార్. అందరూ ఆడాలి, కాదనను. కానీ ఆ తర్వాత రికార్డులు ఏమయ్యాయో చూడండి. 1974-75లో స్పిన్నర్ బిషన్ సింగ్ బేడీ ఒక్క సీజన్లో తీసిన 64 వికెట్ల రికార్డును బీహార్ స్పిన్నర్ అశుతోష్ అమన్ ఆ మొదటి ఏడాదే 68తో దాటేశాడు. అన్నీ ప్లేట్ జట్ల మీదే. 2022లో నాగాలాండ్ మీద జార్ఖండ్ ఆధిక్యం 1008 పరుగులు. 2024 జనవరి 26న హైదరాబాద్‌లో అరుణాచల్ 172కి ఆలౌటైతే, అదే రోజు సాయంత్రానికి మన హైదరాబాద్ స్కోరు 529/1. తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టాడు. ప్రపంచంలో ఏ ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లోనూ అంత వేగంగా ఎవరూ కొట్టలేదు.

కుర్రాళ్ల తప్పు కాదిది. ఓ రెండు మూడేళ్లు క్వాలిఫైయింగ్ టోర్నీ ఆడించి, నిలబడ్డ జట్టుకే హోదా ఇస్తే సరిపోయేది.

విశాఖ ఓపెనర్:

మాస్టారూ, మీ అంకెల్లో ఒక్కటీ తప్పు లేదు. కానీ చిత్తుగా ఓడిపోవడమే కొలత అయితే ముందు బయటికి పోవాల్సింది మా ఆంధ్ర జట్టే. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో మీ హైదరాబాద్ మా మీద 944/6 కొట్టి డిక్లేర్ చేసింది. రంజీలో ఈ రోజుకీ అంతకు మించిన స్కోరు లేదు. ఎం.వి.శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. మేమేమీ అప్పుడే పుట్టిన జట్టు కాదు, 1953-54 నుంచి ఆడుతున్నాం. నలభై ఏళ్లు ఆడాక తిన్న దెబ్బ అది! ఇంకో సంగతి చూడండి. తన్మయ్ అరుణాచల్ మీద సరిగ్గా 366 దగ్గరే అవుటయ్యాడు. శ్రీధర్ 366కి లేని అభ్యంతరం తన్మయ్ 366కి ఎందుకొచ్చింది?

ఆ 944 చూసి అప్పుడే మా హోదా లాగేసుంటే ఎమ్మెస్కే ప్రసాద్ 1999లో టెస్టు దాకా వెళ్లేవాడా? తర్వాత విహారి, భరత్ ఆడారు. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో నితీశ్ రెడ్డి సెంచరీ కొట్టాడు. వీళ్లందరికీ దారి ఆ ఓడిపోయే జట్టులోంచే పడింది.

ఇక కడుపు సంగతి. రంజీలో 20 మ్యాచ్‌ల లోపు అనుభవం ఉన్న కుర్రాడు తుది జట్టులో ఉంటే రోజుకి 40 వేలు. నాలుగు రోజులకి లక్షా అరవై వేలు. ఈటానగర్‌లో ఓ పంతొమ్మిదేళ్ల వాడు వాళ్ల నాన్నతో "చదువు పక్కనపెట్టి ఆడతాను" అని అనగలగాలంటే ఆ డబ్బు ఉండాలి. క్వాలిఫైయింగ్ టోర్నీకి అంత ఎవరిస్తారు? రెండేళ్ల తర్వాత చూద్దాం అంటే ఆ రెండేళ్లలోనే పిల్లాడు బ్యాట్ అమ్మేసి ఉద్యోగం వెతుక్కుంటాడు.

ఉప్పల్ స్టాండ్:

ఓపెనర్ అన్న మాటకు నేను కూడా. తన్మయ్ ఆ ఇన్నింగ్స్ ఆడింది ఎందుకంటే మన హైదరాబాదే 2022-23లో కిందికి పడిపోయి ప్లేట్‌లో ఆడుతోంది కాబట్టి! రెండుసార్లు రంజీ గెలిచిన జట్టు. 2023-24లో తిలక్ వర్మ కెప్టెన్సీలో ప్లేట్ గెలిచి మళ్లీ పైకొచ్చాం. హోదా తీసేసుంటే మనోళ్లు ఒక సీజన్ మొత్తం లెక్కలో లేకుండా పోయేవాళ్లు.

స్కోరర్ మాస్టారు:

బాబూ, అసలు సంగతి మీరిద్దరూ దాటేశారు. ఆంధ్ర ఓడినా అందులో ఆడింది ఆంధ్ర కుర్రాళ్లు. ఇక్కడ పరుగులు చేస్తున్నదెవరు? 2018-19లో రంజీ మొత్తానికి టాప్ స్కోరర్ సిక్కింకి ఆడిన మిలింద్ కుమార్, 1331 పరుగులు. అతను ఢిల్లీ వాడు. 2025 అక్టోబర్‌లో తమిళనాడు 512 కొడితే నాగాలాండ్ 446తో నిలబడిందని అందరూ మెచ్చుకున్నారు. అందులో 175 కొట్టిన దేగ నిశ్చల్ కర్ణాటక నుంచి వెళ్లినవాడు. బయటివాళ్ల చేత ఆడించి ఆ ప్రాంతం ఎదిగిందంటే నేనొప్పుకోను.

విశాఖ ఓపెనర్:

ఇది గట్టి మాటే. అయినా గెస్టులు, అంటే బయటి రాష్ట్రాల నుంచి వచ్చి ఆడేవాళ్లు, ముగ్గురికి మించకూడదన్న నియమం ఉంది. మిగతా ఎనిమిది మంది ఆ ఊళ్ల వాళ్లే. రెండో ఎండ్‌లో ఒకడు నిలబడకపోతే నిశ్చల్ 175 కొట్టలేడు.

మా గుంటూరులోనే జరిగింది ఒకటి చెప్తా. 2017 నవంబర్‌లో జేకేసీ కాలేజీ గ్రౌండ్‌లో నాగాలాండ్ అండర్-19 అమ్మాయిలు కేరళ మీద 2 పరుగులకు ఆలౌటయ్యారు. ఒకటి బ్యాట్ నుంచి వచ్చింది, రెండోది వైడ్. కేరళకి ఒక్క బంతి సరిపోయింది. దేశమంతా నవ్వింది. ఆ స్కోరుకార్డులో ఓవర్ల కాలమ్ ఎవరూ చూడలేదు, పదిహేడు ఓవర్లు ఆడారు ఆ పిల్లలు. పరుగులు ఎలా తీయాలో తెలియదు, అయినా క్రీజు వదల్లేదు. అదే రాష్ట్రం మగవాళ్ల జట్టు 2024-25లో ప్లేట్ ఫైనల్ ఆడి ఎలైట్‌లోకి, మా ఆంధ్ర ఉన్న గ్రూపులోకే వచ్చింది. ఆ జట్టు వేరు, ఈ జట్టు వేరు, నిజమే. కానీ పుట్టీ పుట్టగానే పరీక్ష పెట్టి పంపేసుంటే ఇదీ ఉండేది కాదు.

నాకు కోపం వచ్చేది వేరే దగ్గర. 2025-26లో ఎలైట్ జట్టుకి లీగ్‌లో ఏడు మ్యాచ్‌లు. ప్లేట్‌లో ఆరే జట్లు కాబట్టి తలా ఐదు. ఎక్కువ ఆడి నేర్చుకోవాల్సినవాడికి తక్కువ మ్యాచ్‌లా? ప్లేట్ జట్లను ఇంటా బయటా రెండేసి సార్లు తలపడనివ్వండి, పది మ్యాచ్‌లవుతాయి. గెస్టు చోట్లలో కనీసం ఒకటి బౌలర్‌కే అని రూలు పెట్టండి. నెట్స్‌లో రోజూ మంచి బౌలింగ్ ఆడితేనే కదా అక్కడి బ్యాటర్ ఎదిగేది.

స్కోరర్ మాస్టారు:

హోదా విషయంలో నా మాట మారదు. పది మ్యాచ్‌లకు, బౌలర్ రూలుకు మాత్రం నా సంతకం కూడా వేసుకోండి. అయితే అక్టోబర్ మొదట్లో పెట్టొద్దు, ఈశాన్యంలో అప్పటికింకా వానలు వదలవు. నవంబర్ నుంచి మొదలెట్టాలి.