బరాత్‌లో గ్లాసు అందిస్తే వద్దనడం పిల్లవాడికి ఎలా నేర్పాలి?

మా అబ్బాయికి 16 ఏళ్లు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదన్న చట్టం ఉన్నా, మా బంధువుల్లో దసరాకూ పెళ్లి బరాత్‌కూ పెద్దవాళ్లే పిల్లల చేతికి గ్లాసు అందిస్తారు. మొన్న దసరా నాడు మా అన్నయ్య కొడుకులు స్టీలు గ్లాసులో బీరు పోసి ఇస్తే, వాడు సగం తాగి మిగతాది జామచెట్టు మొదట్లో పారబోశాడట. మొదట కోప్పడి, నెల రోజులు పాకెట్ మనీ ఆపాను. దాంతో వాడు నాకు ఏదీ చెప్పడమే మానేశాడు. తర్వాత నెమ్మదిగా అడిగితే, "నాకిష్టం లేదమ్మా, వద్దంటే అందరూ నవ్వుతారు" అన్నాడు. వాళ్లతోనూ మాట్లాడాను. "ఒక్క గ్లాసుకే ఏమవుతుంది అత్తా" అని కొట్టిపారేశారు. మూడు వారాల్లో మరో పెళ్లి ఉంది, వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. ఇలాంటి చోట బంధుత్వం చెడకుండా వద్దనడానికి మీ పిల్లలకు ఏ మాట నిజంగా పనికొచ్చింది?