స్వనిధి లోను మొత్తం కట్టినా ఇంకా బాకీ ఉన్నట్టే చూపిస్తోంది, ఏం చేయాలి?

హనుమకొండ ములుగు రోడ్డు దగ్గర మా అమ్మ బండి మీద మిర్చీలు, గారెలు అమ్ముతుంది. కరోనా తర్వాత వీధి వ్యాపారులకు ఇచ్చిన పీఎం స్వనిధి కింద 2020 డిసెంబర్‌లో రూ.10,000 లోను వచ్చింది. 12 కిస్తీలూ టైముకు కట్టేసింది. చివరిది 2021 డిసెంబర్ 9న కట్టింది. లోను ఖాతాలో బాకీ సున్నా అని పాసుబుక్కులో ప్రింటయింది. బ్యాంకు వాళ్లు తెల్ల కాగితం మీద చేత్తో రాసి, ముద్ర కొట్టి నో డ్యూస్ (బాకీ లేదన్న కాగితం) కూడా ఇచ్చారు.

2022 జనవరిలో రూ.20,000 రెండో లోనుకు అప్లై చేయబోతే, పోర్టల్‌లో మొదటి లోను ఇంకా నడుస్తున్నట్టే ఉంది. దరఖాస్తు ముందుకు పోవడం లేదు. 7 శాతం వడ్డీ రాయితీ కూడా రెండుసార్లు పడి ఆగిపోయింది.

బ్యాంకుకు మూడుసార్లు వెళ్లాం. మొదట "15 రోజుల్లో అదే అప్‌డేట్ అవుతుంది" అన్నారు. నెల దాటాక "మున్సిపాలిటీ వాళ్లు చేయాలి" అన్నారు. అక్కడికి పోతే "క్లోజ్ చేయాల్సింది బ్యాంకే" అని వెనక్కి పంపారు. వెళ్లిన ప్రతిసారీ ఆ పూట బండి బందే, నానబెట్టిన పప్పు వృథా.

ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉంది, ఓటీపీ వస్తోంది. వెండర్ గుర్తింపు కార్డు ఉంది. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్‌పీ, అంటే రిసోర్స్ పర్సన్ అక్క ఫోన్‌లో చూసినా అదే స్టేటస్.

ఇలాగే ఇరుక్కుని బయటపడ్డవాళ్లు చెప్పండి: మొదటి లోను పోర్టల్‌లో క్లోజ్ అని మార్పించడానికి మీరు ఎవరికి, ఏ కాగితాలు ఇచ్చారు?