అప్‌డేట్: గడ్డి బేళ్లకు బకెట్ మానేసి స్పియర్ పెట్టించాను

టెక్సస్‌లో మా ఆవుల కోసం తెచ్చే గుండ్రటి గడ్డి బేళ్లను (గట్టిగా చుట్టిన పెద్ద గడ్డి కట్టలు), ఒక్కోటి దాదాపు 450 కిలోలు, లోడర్ బకెట్‌తో, అంటే ట్రాక్టర్ ముందుండే ఎత్తే చేతులకు తగిలించిన తొట్టితో, ఎత్తవచ్చా అని పోయిన నెల అడిగాను. వద్దని గట్టిగా చెప్పినవాళ్లందరికీ థాంక్స్. పైకెత్తిన బకెట్ వెనక్కి వంగితే బేల్ దొర్లుకుంటూ వచ్చి డ్రైవర్ మీదే పడుతుందని నాకు తట్టనే లేదు. మా ట్రాక్టర్‌కి క్యాబిన్ కూడా లేదు.

ఇప్పుడు లోడర్‌కి బకెట్ బదులు బేల్ స్పియర్ ఉంది: బేల్‌లోకి గుచ్చి ఎత్తడానికి మధ్యలో పొడవాటి ముల్లు, బేల్ గిర్రున తిరగకుండా కింద రెండు చిన్నవి. లోడర్ ఎంత ఎత్తగలదో మాన్యువల్‌లో చూసి, స్పియర్ బరువు కూడా కలుపుకునే కొన్నాను. అయినా మొదటిరోజు ట్రాక్టర్ వెనక బరువు పెట్టకుండా ఎత్తితే వెనక చక్రాలు తేలాయి. చాలా భయమేసింది. ఇప్పుడు వెనక బరువు పెట్టనిదే స్టార్ట్ చేయను. బేల్‌ని నేలకు దగ్గరగా ఉంచి మెల్లగా నడుపుతున్నాను. పిల్లలు కంచె అవతలే.