నెట్ డివైస్ రిఫరెన్స్ (డివైస్ వాడుకలో ఉందని చెప్పే లెక్క) ఎక్కడ లీకవుతోందో తెలియట్లేదు, సాయం చేయండి
లినక్స్‌లో వర్చువల్ నెట్‌వర్క్ డ్రైవర్ రాస్తున్నాను. ట్రాఫిక్ నడుస్తుండగా మాడ్యూల్ తీసేస్తే, ఆ తీసే కమాండ్ ఆర్‌ఎంమాడ్ అక్కడే ఆగిపోతోంది, "డివైస్ ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నాను, యూసేజ్ కౌంట్ 2" అని ప్రతి 10 సెకన్లకు లాగ్‌లో పడుతూనే ఉంది. ట్రాఫిక్ లేకపోతే ఏ గొడవా లేదు.

డెవ్_హోల్డ్ (ఆ లెక్క పెంచేది) ఉన్న ప్రతిచోటా డెవ్_పుట్ (తగ్గించేది) ఉందో లేదో మూడుసార్లు చూశాను, ఎర్రర్ వచ్చే దారులతో సహా. నా అనుమానమంతా టైమర్ మీదే: పెట్టేటప్పుడు హోల్డ్ చేస్తాను, పుట్ మాత్రం టైమర్ గడువు అయ్యాక నడిచే కాల్‌బ్యాక్ చివర్లో ఉంది, మరి క్లోజ్‌లో టైమర్ రద్దు చేస్తే ఆ కాల్‌బ్యాక్ నడవదు కదా! రద్దు ఫంక్షన్ 1 ఇచ్చినప్పుడు (అంటే టైమర్ ఇంకా నడవాల్సి ఉండగా రద్దయినప్పుడు) అక్కడే పుట్ చేస్తే సరిపోతుందా? సాకెట్ కోడ్‌లోనేమో మాడ్_టైమర్ (టైమర్ పెట్టే ఫంక్షన్) 0 ఇస్తేనే, అంటే ముందే పెట్టిన టైమర్ లేకపోతేనే, హోల్డ్ చేస్తున్నారు, నేను ఆ సంగతి చూడకుండా ప్రతిసారీ చేస్తున్నాను, అసలు తప్పు ఇదేనా?

లినక్స్ కెర్నల్ 5.17లో వచ్చిన రిఫరెన్స్ ట్రాకర్ (లీక్ ఎక్కడో పట్టుకునే సాధనం) వాడినవాళ్లు ఎలా మొదలుపెట్టాలో చెప్పండి, ప్లీజ్.