అప్‌డేట్: వేరే దేశాల సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగాను కదా

మాది శ్రీకాకుళం. వేరే దేశాల సినిమాలు, పుస్తకాలు, సంగీతం ఎక్కడ మొదలుపెట్టాలని పోయిన నెల అడిగితే, ముందు ఇరాన్ సినిమా చూడమన్నారు.

మజీద్ మజీదీ 1997లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' అమ్మతో కలిసి చూశాను. అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఒకే జత బూట్లు. పొద్దుటి బడి వదలగానే చెల్లి పరుగెత్తుకొచ్చి సందులో విప్పి ఇస్తే, అన్న తొడుక్కుని మధ్యాహ్నం బడికి పరుగు. అమ్మకి సబ్‌టైటిల్స్ చదవడం రాదని పక్కనుంచి నేనే చెప్తున్నాను. సగంలో నా చెయ్యి పట్టుకుని, "ఇంక చెప్పకురా, నాకు అర్థమవుతోంది" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు నాన్న అటక మీంచి, మాస్కోలో తెలుగులోనే అచ్చయిన, రాదుగ అనే సోవియట్ ప్రచురణ సంస్థ వాళ్ళ పాత పుస్తకం దించారు. ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉంది! ఇప్పుడు అదే చదువుతున్నా. సంగీతం ఇంకా మొదలుపెట్టలేదు. చెప్పినవాళ్ళందరికీ చాలా థ్యాంక్స్.