ఉచిత లాయరు తరఫున డబ్బులు అడిగితే ఏం చేయాలి?

మాది గాజువాక. మా చెల్లి మనోవర్తి కేసు వేసింది. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారని దరఖాస్తు పెడితే, ప్యానెల్ లాయరుని (న్యాయ సేవాధికార సంస్థ జాబితాలో ఉన్న లాయరు) ఇచ్చారు. మూడు వాయిదాల్లో రెండింటికి ఆయన రానేలేదు. మొన్న ఆయన జూనియర్ కోర్టు మెట్ల దగ్గర ఆపి, "టైపింగ్, జిరాక్సులకి 3,000 ఇవ్వండమ్మా" అన్నాడు. ప్యానెల్ లాయర్లు కక్షిదారు దగ్గర పైసా తీసుకోకూడదు కదా! వాళ్ళకిచ్చే ఫీజు తక్కువేనట, ఆ బాధ అర్థమవుతుంది. కానీ చెల్లి బట్టల షాపులో పనిచేస్తుంది, ఎక్కడి నుంచి తెస్తుంది? లాయరుని మార్చమని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి రాస్తే కేసు దెబ్బతింటుందా? ముందు న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయాలా? విశాఖలో ఇలా మార్పించుకున్నవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి. వచ్చే వారమే వాయిదా, టెన్షన్‌గా ఉంది.