నెట్‌వర్క్‌లోని కంప్యూటర్‌లో ఎవరు లాగిన్ అయి ఉన్నారో తెలుసుకోవడం: దూరం నుంచి అడగాలా, ఆ కంప్యూటరే చెప్పాలా?

కృష్ణాతీరం:
ఒకే డొమైన్‌లో (ఒకే కేంద్రం నుంచి నిర్వహించే నెట్‌వర్క్‌లో) 300 విండోస్ 10, 11 కంప్యూటర్లు. అప్‌డేట్లు పడ్డాక రాత్రిపూట రీస్టార్ట్ చేయాలి. ఎవరైనా లాగిన్ అయి ఉంటే మాత్రం ముట్టుకోకూడదు, సేవ్ చేయని ఫైళ్లు పోతాయి. ఇప్పుడున్న స్క్రిప్టు ఒక సర్వర్ నుంచి డబ్ల్యూఎంఐలో (కంప్యూటర్ వివరాలు అడిగే విండోస్ సదుపాయం) విన్32_కంప్యూటర్‌సిస్టమ్ తెచ్చుకుని యూజర్‌నేమ్ చూస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో మనుషులు పనిచేస్తున్నా అది ఖాళీగానే వస్తోంది. దీన్నే సరిదిద్దాలా, వేరే దారి పట్టాలా?

పాతకాపు_సీ:
దాన్ని సరిదిద్దలేరండీ. ఆ ప్రాపర్టీ కన్సోల్ (ఆ కంప్యూటర్ సొంత కీబోర్డు, తెర) దగ్గర కూర్చున్నవారి పేరే చెబుతుంది. రిమోట్ డెస్క్‌టాప్ వాళ్లు దానికి కనబడరు, సెషన్ తెరిచి ఉంచి డిస్కనెక్ట్ అయినవాళ్లూ కనబడరు. మీకు కావలసింది సెషన్ల జాబితా, అది విండోస్‌లో సెషన్లను చూపే డబ్ల్యూటీఎస్ ఫంక్షన్లు ఇస్తాయి.

డబ్ల్యూటీఎస్‌ఓపెన్‌సర్వర్‌తో మొదలుపెట్టండి. అవతల కంప్యూటర్ అందనప్పుడు కూడా ఇది ఏదో ఒక హ్యాండిల్ (తర్వాతి కాల్స్‌కు ఇవ్వాల్సిన గుర్తు) చేతిలో పెడుతుంది, అది పనికొస్తుందో లేదో తర్వాతి కాల్‌లోనే తేలుతుంది. కాబట్టి తప్పును ఇక్కడ పట్టుకోవాలని చూడకండి. ఆపైన డబ్ల్యూటీఎస్‌ఎన్యూమరేట్‌సెషన్స్ పిలవండి. వచ్చినవాటిలో సెషన్ 0 సర్వీసులది, వదిలేయండి. 65536 నంబరుతో ఉన్నది కొత్త కనెక్షన్ల కోసం కాచుకుని ఉండే లిజనర్, అదీ వదిలేయండి. మిగిలిన ఒక్కో సెషన్‌కూ డబ్ల్యూటీఎస్‌క్వెరీసెషన్‌ఇన్ఫర్మేషన్‌తో యూజర్ పేరు (విలువ 5), డొమైన్ (విలువ 7) అడగండి. పేరు ఖాళీ అయితే అది లాగిన్ తెర మాత్రమే, మనిషి లేడు. పేరుంటే స్థితి యాక్టివ్ (0) అయినా డిస్కనెక్టెడ్ (4) అయినా ఆ కంప్యూటర్‌ను ముట్టుకోకూడదు. డిస్కనెక్ట్ అయిన సెషన్‌లో కూడా ప్రోగ్రాములు, సేవ్ చేయని ఫైళ్లు తెరిచే ఉంటాయి.

జాబితానూ, తెచ్చుకున్న ప్రతి పేరునూ డబ్ల్యూటీఎస్‌ఫ్రీమెమరీతో వదిలేయడం మరవకండి. రాత్రంతా తిరిగే ప్రోగ్రామ్‌లో ఇది చిన్న విషయం కాదు.

సెషన్లను వరుసలుగా చూపే క్యూయూజర్ కమాండ్ అవుట్‌పుట్‌ను ముక్కలు చేసుకోవాలని మాత్రం అనుకోవద్దు. డిస్కనెక్ట్ అయిన వరుసలో సెషన్ పేరు కాలమ్ ఖాళీగా ఉంటుంది. ఖాళీలను బట్టి విడగొడితే ఆ వరుసలో కాలమ్‌లన్నీ ఒకటి ఎడమకు జరిగిపోతాయి.

పంతులు_పవర్‌షెల్:
పాతకాపు గారూ, చెప్పింది సరైనదే గానీ సగమే. విండోస్ 10, 11లో ఇది దూరం నుంచి నేరుగా పనిచేయదు. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు ఉండే చోట) టెర్మినల్ సర్వర్ కీ కింద, దూరం నుంచి అడగనిచ్చే అలౌరిమోట్‌ఆర్‌పీసీ విలువ 0గా వస్తుంది. అడ్మిన్ ఖాతాతో అడిగినా 1722, అంటే ఆర్‌పీసీ (దూరపు కంప్యూటర్‌లో ఫంక్షన్ పిలిచే పద్ధతి) సర్వర్ అందుబాటులో లేదని జవాబు. అది చూసి ఫైర్‌వాల్ వెతుక్కుంటూ పోతారు, అసలు కారణం ఆ 0. గ్రూప్ పాలసీతో (డొమైన్ కంప్యూటర్లన్నిటికీ సెట్టింగులు పంపే సాధనం) 300 కంప్యూటర్లలోనూ దాన్ని 1 చేయాలి, పోర్ట్ 445 (విండోస్ ఫైల్ షేరింగ్ వాడే దారి) తెరిచి ఉండాలి. కేవలం పేర్లు చూడ్డానికి ఇంత మార్పు అవసరమా?

లాగాన్ అయినవారి పేర్లిచ్చే నెట్‌డబ్ల్యూకెస్టాయూజర్‌ఎనమ్ ఫంక్షన్ ఉంది కదా. అవతలి కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ అయితే చాలు, అదే 445 మీద జవాబు వస్తుంది, రిజిస్ట్రీ జోలికి వెళ్లక్కర్లేదు. లెవెల్ 1తో పిలిస్తే పేరు, డొమైన్, లాగాన్ సర్వర్ మూడూ వస్తాయి. 234 తిరిగొస్తే ఇంకా ఉన్నాయని అర్థం, రెజ్యూమ్ హ్యాండిల్‌తో (ఎక్కడ ఆగిందో చెప్పే గుర్తు) మళ్లీ పిలవాలి. చివర నెట్‌ఏపీఐబఫర్‌ఫ్రీతో మెమరీ వదిలేయాలి.

పాతకాపు_సీ:
పంతులు గారూ, ఆ ఫంక్షన్ సర్వీసు లాగాన్లనూ బ్యాచ్ లాగాన్లనూ కలిపి ఇస్తుంది. ఒకే పేరు రెండు మూడుసార్లు, డాలర్ గుర్తుతో ముగిసే కంప్యూటర్ ఖాతా, షెడ్యూల్డ్ టాస్క్ నడిపే ఖాతా, అన్నీ ఒకే గంపలో. లాగాఫ్ అయి వెళ్లిపోయినవారి పేరు కూడా రావచ్చని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషనే చెబుతోంది. ఎవరూ లేని కంప్యూటర్ కూడా "ఉన్నారు" అంటుంది, నెల గడిచినా రీస్టార్ట్ అవదు.

డబ్ల్యూఎంఐలోని విన్32_లాగ్డ్‌ఆన్‌యూజర్‌కూ ఇదే జబ్బు. మనిషి వెళ్లిపోయినా ఏదో ప్రోగ్రామ్ ఆ మనిషి టోకెన్ (లాగిన్ గుర్తింపు) పట్టుకుని కూర్చుంటే లాగాన్ సెషన్ జాబితాలో మిగిలిపోతుంది. విన్32_లాగాన్‌సెషన్‌తో జోడించి లాగాన్‌టైప్ 2 (కన్సోల్), 10 (రిమోట్ డెస్క్‌టాప్), 11 (డొమైన్ అందనప్పుడు దాచుకున్న వివరాలతో లాగిన్) మాత్రమే తీసుకుంటే సర్వీసుల చెత్త చాలావరకు పోతుంది గానీ పాత సెషన్లు పోవు.

వేగుచుక్క:
మధ్యలో ఒక అనుమానం. డొమైన్ లాగిన్లను సరిచూసే డొమైన్ కంట్రోలర్‌ను అడిగితే 300 కంప్యూటర్ల సంగతీ ఒక్కచోటే తెలియదా?

తీగల_మనిషి:
తెలియదండీ. ఎవరు ఎక్కడ లాగిన్ అయి ఉన్నారన్న పట్టిక యాక్టివ్ డైరెక్టరీలో (కంట్రోలర్లు దాచుకునే ఖాతాల సమాచారంలో) లేదు. చివరి లాగిన్ సమయం రాసుకునే లాస్ట్‌లాగాన్ ఒక కంట్రోలర్ నుంచి మరోదానికి చేరదు. లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్ చేరుతుంది గానీ 9 నుంచి 14 రోజులు వెనకబడి ఉండొచ్చు. నెట్‌సెషన్‌ఎనమ్ ఫంక్షన్ చెప్పేది ఆ సర్వర్ షేర్లకు ఎవరు తగులుకుని ఉన్నారన్నది. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను సర్వర్ 15 నిమిషాలకు తెంపేస్తుంది, దాంతో పేరు మాయం. మనిషి మాత్రం కుర్చీలోనే ఉంటాడు.

నెట్‌వర్క్ వైపు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఆపేసి ఉన్న కంప్యూటర్‌కు టీసీపీ కనెక్షన్ ప్రయత్నిస్తే విండోస్ దాదాపు 21 సెకన్లు ఎదురుచూస్తుంది. 60 కంప్యూటర్లు ఆపి ఉంటే, ఒకదాని తర్వాత ఒకటి అడిగే స్క్రిప్టుకు వాటి దగ్గరే 21 నిమిషాలు పోతాయి. ముందు 445కు ఒక్క సెకను గడువుతో తట్టి చూడండి, తెరుచుకుంటేనే అడగండి. ఒకేసారి 30 వరకు సమాంతరంగా నడపండి. పింగ్‌ను నమ్మొద్దు, ఫైర్‌వాల్ దాన్ని ఆపుతూ 445ను వదలొచ్చు.

డీఎన్‌ఎస్‌లో (పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే పట్టికలో) పాత రికార్డుంటే ఒక పేరుతో అడిగినప్పుడు వేరే కంప్యూటర్ తగులుతుంది. పేరుతో అడిగితే డొమైన్‌లో గుర్తింపు సరిచూసే కెర్బెరాస్ దాన్ని పట్టుకుని 1396 తప్పు ఇస్తుంది. ఐపీ అడ్రస్‌తో అడిగితే ఆ రక్ష ఉండదు, వేరేవాళ్ల జాబితా మీ కంప్యూటర్‌దిగా రాసుకుంటారు. ఎప్పుడూ పేరుతోనే అడగండి.

మెలకువ:
దూరం నుంచి అడగడమే తప్పు దారి అని నా వాదన. 300 కంప్యూటర్లలో అడ్మిన్ హక్కున్న ఒక ఖాతా ఒక సర్వర్‌లో కూర్చుని ఉంటుంది. ఆ సర్వర్ చేజారితే అన్నీ పోయినట్టే. ఎవరు ఎక్కడున్నారో వెతికే ఇవే కాల్స్‌ను దాడి చేసేవాళ్లూ వాడతారు, అందుకే భద్రతా సాఫ్ట్‌వేర్ వీటిని అనుమానిస్తుంది. ప్రతి కంప్యూటర్‌లో చిన్న సర్వీసు పెట్టండి. సెషన్ మారినప్పుడల్లా విండోసే దానికి కబురు పంపుతుంది: లాగాన్ 5, లాగాఫ్ 6, లాక్ 7, అన్‌లాక్ 8. అది మీ సర్వర్‌కు ఒక వరుస రాస్తే సరి.

పంతులు_పవర్‌షెల్:
కరెంటు పోయిందనుకోండి. లాగాఫ్ కబురు ఎవరు పంపుతారు? మీ పట్టికలో ఆ మనిషి ఎప్పటికీ "ఉన్నాడు". సర్వీసు బదులు లాగాన్ స్క్రిప్టు పెట్టేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. విండోస్ 8.1 నుంచి గ్రూప్ పాలసీ లాగాన్ స్క్రిప్టులు మామూలుగా 5 నిమిషాలు ఆలస్యంగా నడుస్తాయి. ఆ ఐదు నిమిషాల్లో రీస్టార్ట్ పడితే?

మెలకువ:
సర్వీసు మొదలైనప్పుడల్లా తన సెషన్లను తనే లెక్కపెట్టుకుని పాత వరుసను తుడిచేయాలి, 10 నిమిషాలకోసారి "బతికే ఉన్నా" అని చెప్పాలి. అప్పుడు కరెంటు పోయిన కంప్యూటర్ కూడా సరిపడుతుంది. ఆ సర్వీసు పిలిచేదీ పాతకాపు గారు చెప్పిన ఫంక్షనే. సొంత కంప్యూటర్‌ను అడిగేటప్పుడు అలౌరిమోట్‌ఆర్‌పీసీ అక్కర్లేదు.

పాతకాపు_సీ:
అంతవరకు ఒప్పుకుంటాను. లాక్ సంగతి వచ్చింది కాబట్టి: లాక్ చేసిన సెషన్ కూడా జాబితాలో యాక్టివ్‌గానే కనిపిస్తుంది. తేడా కావాలంటే డబ్ల్యూటీఎస్‌సెషన్‌ఇన్ఫోఎక్స్ (విలువ 25) అడిగి ఫ్లాగ్ చూడాలి. 0 లాక్, 1 అన్‌లాక్. విండోస్ 7లోనూ సర్వర్ 2008 ఆర్2లోనూ ఇవి తారుమారు, అది విండోస్‌లోని లోపమే. అలాంటి పాత కంప్యూటర్ మిగిలి ఉంటే వెర్షన్ చూసి తిప్పుకోండి.

మీ ఇద్దరి వాదనలోనూ ఒక సందు మిగిలే ఉంది. జాబితా తెచ్చిన క్షణానికీ రీస్టార్ట్ కమాండ్ అందే క్షణానికీ మధ్య ఎవరైనా లాగిన్ కావచ్చు. పట్టిక ఎంత తాజాదైనా దాన్ని నమ్మి రీస్టార్ట్ చేయకూడదు.

కృష్ణాతీరం:
అయితే ఇలా చేద్దామనుకుంటున్నాను. ప్రతి కంప్యూటర్‌లో సిస్టమ్ ఖాతాతో (విండోస్ సొంత ఖాతా) రాత్రి 2 గంటలకు నడిచే షెడ్యూల్డ్ టాస్క్. అది తన సెషన్లను తనే లెక్కపెట్టుకుని, పేరున్న సెషన్ ఒక్కటి కూడా లేకపోతే షట్‌డౌన్ కమాండ్‌ను స్లాష్ ఆర్ (రీస్టార్ట్), స్లాష్ టి 60 (60 సెకన్ల గడువు)తో పిలుస్తుంది. దూరం నుంచి అడిగేది నివేదిక కోసమే.

పాతకాపు_సీ:
ఆ 60 తీసేయండి. స్లాష్ టి విలువ సున్నా కంటే ఎక్కువైతే స్లాష్ ఎఫ్ ఇచ్చినట్టే లెక్క, అంటే బలవంతంగా మూసేయడం. ఆ నిమిషంలో లాగిన్ అయినవాడి పని పోతుంది.

కమాండ్ బదులు ఇనిషియేట్‌షట్‌డౌన్ ఫంక్షన్ వాడండి. గడువు 0, రీస్టార్ట్ ఫ్లాగ్ 4 మాత్రం ఇచ్చి, ఇతరులను బలవంతంగా బయటికి పంపే ఫ్లాగ్ 1 ఇవ్వకండి. లోపల వేరెవరైనా ఉంటే విండోసే ఒప్పుకోక 1191 తిరిగిస్తుంది. ఆ 1191ను లాగ్‌లో రాసుకుని మర్నాడు రాత్రి మళ్లీ ప్రయత్నించండి.